బోర్డు మీద ఏ పేరు రాయాలో మనల్నీ అడగాలి

పోస్టు పెద్దదే. వీలు చూసుకుని చివరిదాకా చదవండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతా. మన తండాలో గానీ, కాలనీలో గానీ, గూడెంలో గానీ "నేను మానసిక డాక్టర్ దగ్గరికి పోయొచ్చినా" అని ఎవరైనా అరుగు మీద కూర్చుని చెప్పగా విన్నారా? షుగర్ ఉందని చెప్తారు. గుంటూరు పెద్దాసుపత్రిలో బీపీకి చూపించుకున్నామని చెప్తారు. ఆపరేషన్ కుట్లు కూడా చీర కొంగు తీసి చూపిస్తారు. మనసు సంగతి వచ్చేసరికి మాత్రం "తలనొప్పికి పోయినా" అంటారు. చాలామంది అసలు పోనే పోరు.

నాది రెంటచింతల మండలంలో ఒక తండా. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదట. ఇప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. నేను డాక్టర్ని కాదు, సైకాలజీ స్టూడెంట్‌ని కూడా కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనసు బాధలకు వైద్యం చేసే చోటుకి మన ఊళ్లలో ఉన్న పేర్లు మారాలి. ఆ కొత్త పేరేందో ఎక్కడో ఆఫీసులో కూర్చుని కాకుండా, ఆ గడప తొక్కాల్సిన మనల్ని అడిగి పెట్టాలి. ఆ బోర్డు వెనకాల కుర్చీలో మనిషి కూడా ఉండాలి.

మన భాషలో ఈ మాటల కథ చూడండి. "పిచ్చి" అంటే తిట్టులా ఉందని "మెంటల్" అన్నారు. ఇంగ్లీషు మాట కదా, కాస్త మర్యాదగా ఉంటుందనుకున్నారు. ఇప్పుడు అదే పెద్ద తిట్టు. తర్వాత "సైకో" వచ్చింది, అది సినిమాలో విలన్ పేరైపోయింది. ఊరి పేర్లకి కూడా ఇదే గతి పట్టింది. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో జనం కాపురాలు ఉండే ఒక మామూలు ఏరియా. అక్కడ రైతుబజారు ఉంది, మెట్రో స్టేషన్ ఉంది. కానీ "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాల్సిందే" అంటే రెంటచింతల పిల్లోడికి కూడా అర్థం తెలుసు. అక్కడున్న ఆసుపత్రి అసలు పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. విశాఖపట్నంలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. బోర్డు మీద ఏం రాసినా జనం నోట్లో రెండూ పిచ్చాసుపత్రులే.

చట్టాల పేర్లు కూడా మారాయి. 1912లో బ్రిటిషోళ్లు చేసిన చట్టం పేరులో "లూనసీ" అనే మాట ఉండేది. చంద్రుడి వల్ల మతి చెడుతుందన్న పాత నమ్మకం నుంచి పుట్టిన మాట అది. 1987లో దాన్ని తీసేసి మానసిక ఆరోగ్య చట్టం తెచ్చారు. 2017లో దాని స్థానంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు, 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. మంచి చట్టం. వైద్యం పొందడం హక్కు అంటుంది. పరువుగా చూడాలంటుంది. రోగి వివరాలు బయటికి పొక్కకూడదంటుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 115వ సెక్షన్ చెప్తుంది. ఇంత మార్పు వచ్చింది. ఢిల్లీలో పేరు రెండుసార్లు మారింది, మన అరుగు మీద ఒక్కసారి కూడా మారలేదు. ఎందుకంటే అరుగు మీద ఉన్నోళ్లని ఎవరూ అడగలేదు.

"పేరులో ఏముందిలే, వైద్యం ముఖ్యం గానీ" అని కొంతమంది అంటారు. వేరేవాళ్లు అంటే అనుకోవచ్చు, మనం అనకూడదు. పేరు ఏం చేస్తుందో మన జాతులకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని సవరించాక మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకలోళ్లని, ఇంకా ఎన్నో కులాల్ని ఆ జాబితాలోకి ఎక్కించారు. తల్లి కడుపులో ఉన్న బిడ్డకి కూడా "నేరస్థ జాతి" అనే పేరు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్టా కట్టిన సెటిల్మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పేరు మాత్రం పోలేదు. సినిమా టైటిళ్లలోకి కూడా ఎక్కింది. అద్దె గది కోసం పోయినప్పుడు ఇంటి ఓనర్ ముందు మన ఊరి పేరో, ఇంటి పేరో చెప్పడానికి ఒక్క క్షణం ఆగే అలవాటు మనలో ఎంతమందికి లేదు? ఒక మాట మనిషిని గడప బయటే ఎట్టా నిలబెడుతుందో మనకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

వైద్యం దగ్గర కూడా అదే జరుగుతోంది. నిమ్‌హాన్స్ వాళ్లు 2015–16లో దేశమంతా సర్వే చేశారు. మనసు జబ్బు ఉన్నవాళ్లలో, జబ్బు రకాన్ని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదని తేలింది. దీనికి కారణం పేరొక్కటే అని నేను అనను. డాక్టర్లు లేరు, దూరం ఉంది, డబ్బు లేదు. రెంటచింతల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు దాటుతుంది. పోను, రాను ఒక రోజు కూలి పాయె. కానీ పేరు కూడా ఒక కారణమే. పేరంటే బోర్డు ఒక్కటే కాదు గదా. ఓపీ చీటీ మీద అదే పేరు. మందుల కవర్ మీద అదే. ఆశా అక్క రిజిస్టర్‌లో అదే. మాచర్ల బస్సులో పక్కసీటు మనిషి ఆ చీటీ చదివితే సాయంత్రానికి తండా అంతా తెలుస్తుంది. పెళ్లి కావాల్సిన పిల్ల అయితే ఆ ఒక్క చీటీతో సంబంధం తప్పిపోతుంది. ఆ భయంతోనే తల్లిదండ్రులు చీటీ చింపేస్తారు, చీటీతో పాటు మందులూ ఆగిపోతాయి.

హాస్టల్ సంగతి ఒకటి చెప్తా. ఒకసారి కౌన్సెలింగ్ చేసే మేడం ఒకరు వచ్చారు. నోటీసులో "మానసిక సమస్యలు ఉన్న విద్యార్థులు పేర్లు ఇవ్వవలెను" అని రాశారు. ఒక్కరు కూడా పేరు ఇవ్వలేదు. ఆ మేడం తెలివైన మనిషి. మర్నాడు ఆ కాగితం తీసేయించి, "నిద్ర పట్టట్లేదా? ఇంటి మీద బెంగగా ఉందా? పరీక్షలంటే గుండె దడగా ఉందా? వచ్చి మాట్లాడండి, పేరు రాయక్కర్లేదు" అని చేత్తో రాసి మెస్ గోడకి అంటించారు. సాయంత్రం మెస్ బెల్ కొట్టేదాకా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉన్నారు. మనిషి అదే, గది అదే. మారింది గోడ మీద మాట. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మనం రోజూ మాట్లాడుకునే మాటల్లోంచే వచ్చింది.

ఇది మన హాస్టల్లోనే జరిగిన వింత కాదు. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారే నగరంలోని ఎంబరే అనే పేదల పేటలో ఒక పని మొదలుపెట్టాడు. దేశం మొత్తానికి సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆసుపత్రిలో గది కూడా దొరకలేదు. అందుకని ఆ పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్న 14 మంది అవ్వలకి శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట చెట్టు కింద బల్ల వేసి కూర్చోబెట్టాడు. దానికి ఆయన మొదట పెట్టిన పేరు మానసిక ఆరోగ్య బల్ల. దాని మీద కూర్చోడానికి ఎవరూ రాలేదు. అప్పుడు ఆ అవ్వలే, ఈ పేరుతో ఎవరూ రారు, స్నేహం బల్ల అని పెట్టు అన్నారట. ఆ పేరే ఫ్రెండ్‌షిప్ బెంచ్‌గా ప్రపంచమంతా తెలిసింది. జబ్బు పేరు కూడా వాళ్లు ఇంగ్లీషులో అడగరు. షోనా భాషలో "కుఫుంగిసిసా" అంటారు. దాని అర్థం "ఆలోచన మరీ ఎక్కువైపోవడం". మన అమ్మలు "ఆలోచన ఎక్కువై నిద్ర పట్టట్లేదురా" అంటారు చూడండి, అచ్చం అదే. 2016లో దీని మీద పరిశోధన ఫలితాలు పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, బల్ల మీద అవ్వలతో మాట్లాడినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు సుమారు 14 శాతం మందిలో మిగిలాయి. మామూలు వైద్యం పొందినవాళ్లలో సుమారు 50 శాతం మందిలో ఉన్నాయి. పేరు ఒక్కటే ఇంత చేసిందని కాదు. పేరు వాళ్లని బల్ల దాకా తెచ్చింది, మిగతాది అవ్వలు చేశారు.

జపాన్‌లో ఇంకో కథ. స్కిజోఫ్రెనియాకి వాళ్ల భాషలో పాత పేరుకి అర్థం "మనసు చీలిపోయిన జబ్బు". ఆ పేరు మార్చమని 1993లో డాక్టర్ల సంఘాన్ని అడిగింది రోగుల కుటుంబాల సంఘం. 2002లో మారింది. కొత్త పేరుకి అర్థం దాదాపుగా "మనసులో కలయిక కుదరకపోవడం". అంతకుముందు డాక్టర్లే ఆ పేరు రోగి ముందు అనలేక దాచేవాళ్లు. పేరు మారాక రెండు మూడేళ్లలోనే, జబ్బు ఏందో తెలుసుకోగలిగిన రోగులు సుమారు 37 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. ఈ రెండు చోట్లా ఒక విషయం గమనించండి. పేరు కావాలన్నది పైవాళ్లు కాదు. ఆ పేరు మోయాల్సినవాళ్లు, వాళ్ల పక్కన కూర్చునేవాళ్లు.

అడగకుండా పెడితే ఏమవుతుందో కూడా చూశాం. వికలాంగుల్ని "దివ్యాంగులు" అనాలని 2015 చివర్లో ప్రధాని సూచించారు, 2016లో కేంద్రంలో ఆ శాఖ పేరు కూడా మారింది. "మాలో దివ్యత్వం ఏమీ లేదు, మాకు ర్యాంపులు, ఉద్యోగాలు, హక్కులు కావాలి" అని వికలాంగుల హక్కుల సంఘాలే అభ్యంతరం చెప్పాయి. మన రాష్ట్రంలో అయితే ఆరోగ్యం పేర్లు ఎలక్షన్లతో పాటే మారతాయి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకి మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకి వచ్చింది. ఆరోగ్యశ్రీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమం మీకోసం, స్పందన, పీజీఆర్ఎస్ అని పేర్లు మారుతూ వచ్చింది. మా నాయన ఇప్పటికీ "స్పందనకి పోవాలి" అనే అంటాడు. నేను ఏ పార్టీనీ అనట్లేదు. పైనుంచి దిగిన పేరు జనం నోట్లో నిలవదు అంటున్నా, అంతే.

టెలీ మానస్ సంగతి కూడా చెప్పాలి. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఫోన్ సేవ ఇది. నంబరు 14416. ఫ్రీ. పగలైనా రాత్రైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా పనికొచ్చే సేవ. మానస్ అనే మాట మన మనసుకి దగ్గరదే. కానీ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు కాబట్టి, మా తండాలో పెద్దోళ్లకి అది ఏదో కంపెనీ పేరులాగా వినిపిస్తుంది. అదే నంబర్ కింద "మనసు బాగోలేకపోతే ఫోన్ చేయండి" అని ఊళ్లో వాడే మాటలో రాస్తే, ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని ఉండదు.

ఇక మన మండలంలో, మన పల్నాడులో ఎట్టా అడగాలి? నాకు తోచింది చెప్తా. తప్పైతే సరిదిద్దండి.

ఒకటి. ముందు అడగాల్సింది మందులు వాడుతున్నవాళ్లని, వాళ్లని చూసుకుంటున్న ఇంటివాళ్లని. నలుగురిలో నిలబెట్టి కాదు, వాళ్లు నమ్మే ఆశా అక్క ద్వారానో, ఏఎన్ఎం ద్వారానో, విడిగా. ఇది నా సొంత కోరిక కాదు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో ఆ జబ్బు అనుభవించినవాళ్ల తరఫున, సంరక్షకుల తరఫున సభ్యులు ఉండాలని 2017 చట్టమే చెప్తోంది. పైన ఉన్న కమిటీలో వాళ్లకి కుర్చీ ఉంటే, ఊళ్లో బోర్డు మీద పేరు దగ్గర ఎందుకు ఉండకూడదు?

రెండు. భాష. మా యాడి నిద్ర పట్టని రాత్రి గోర్ బోలీలో చెప్పుకునే మాట ఒకటుంది. నేను డిగ్రీ చదువుతున్నా దాన్ని తెలుగులోకి సరిగ్గా తేలేను. ఎరుకల భాషలో వేరే మాట ఉంటుంది. యానాదులు, చెంచులు తెలుగే మాట్లాడినా వాళ్ల మాట వేరు, యాస వేరు. తెలుగులో కూడా "డిప్రెషన్", "యాంగ్జైటీ" కంటే ముందే మనకి బెంగ ఉంది, దిగులు ఉంది. హాస్టల్లో చేరిన కొత్తలో పిల్లోడు అన్నం మానేస్తే "బెంగ పెట్టుకున్నాడు" అంటారు. అందులో తిట్టు లేదు, జాలి ఉంది. అట్టాంటి మాటలు పోగుచేయాలి.

మూడు. "గాలి సోకింది" అనే మాటని చూసి నవ్వకూడదు. మనవాళ్లు భగత్ దగ్గరికో, దర్గాకో, ప్రార్థనకో ఎందుకు పోతారు? అక్కడ ఎవరూ "నువ్వు పిచ్చోడివి" అనరు. తప్పు గాలిది, మనిషిది కాదు అంటారు. ఆ మర్యాద ఆసుపత్రిలో కూడా దొరికితే ఆసుపత్రికి కూడా వస్తారు. అయితే గాలి పేరుతో నెలల తరబడి వైద్యం ఆలస్యమై, మనిషి చెయ్యి దాటిపోయిన ఇళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఆ పెద్దమనుషుల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. తాయెత్తు కట్టండి, దాంతో పాటే క్లినిక్‌కి కూడా పంపండి అని అడగాలి.

నాలుగు. అడిగే టైమ్. మిరపకోతల కాలంలో పగలు మీటింగ్ పెడితే తండాలో ముసలోళ్లు, చంటిపిల్లలే ఉంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో మీటింగ్ పెట్టేవాళ్లకి ఒక దండం. మన ఊరి పేరు టీవీలో వచ్చేదే ఎండలకి కదా. పొద్దుగూకాక రావాలి. ఆడవాళ్లతో ఆడవాళ్లే విడిగా మాట్లాడాలి. ఫోన్లో పోల్ పెట్టి "ప్రజాభిప్రాయం తీసుకున్నాం" అంటే కుదరదు. ఫోన్ ఉన్నోళ్లు మనలాంటి కుర్రోళ్లు. అమ్మ మాట అందులోకి రాదు.

ఐదు. వచ్చిన పేర్లలో రెండు మూడు ఏరి ఒక్కో క్లినిక్ దగ్గర మూడు నెలలు పెట్టి చూడాలి. ఏ పేరుకి జనం వస్తున్నారో చూసి ఖాయం చేయాలి. నా దృష్టిలో పరీక్ష ఒక్కటే. బస్సులో పక్కనోళ్లు వింటుండగా "ఎక్కడికమ్మా?" అని కండక్టర్ అడిగితే గొంతు తగ్గించకుండా చెప్పగలిగే పేరు కావాలి. నాయకుల పేర్లు వద్దు. పొడి అక్షరాల ఇంగ్లీషు పేర్లు వద్దు.

ఇప్పుడు అసలు అభ్యంతరం దగ్గరికి వస్తా. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టు, డాక్టరే లేని చోట పేరు గొడవేంది అంటారు. న్యాయమైన మాటే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉంది. అయినా మన తండాలో ఎంతమందికి తెలుసు? అందుకే నేను పేరుని, మనిషిని విడదీయట్లేదు. నెలకి ఒక ఖాయమైన రోజు మండలానికి డాక్టర్ రావాలి. మందులు పీహెచ్‌సీలోనే దొరకాలి. మాట్లాడే గదికి తలుపు ఉండాలి, అది ఓపీ క్యూ ఎదురుగా ఉండకూడదు. ఇవి లేకుండా పేరు మాత్రమే మారిస్తే కొత్త పేరు కూడా రెండేళ్లలో తిట్టయిపోతుంది. "మెంటల్"కి పట్టిన గతే దానికీ పడుతుంది. కానీ ఇవన్నీ వచ్చేదాకా పేరు ఊసు ఎత్తొద్దు అంటే నేను ఒప్పుకోను. పేరు కోసం తండాలో పదిమంది కూర్చున్నప్పుడే "అసలు డాక్టర్ ఎప్పుడొస్తాడు?" అనే ప్రశ్న కూడా పుడుతుంది. ఇప్పటిదాకా ఆ ప్రశ్న గట్టిగా అడగనిది కూడా సిగ్గు వల్లే.

ఇంకో అభ్యంతరం. మెత్తటి పేరు పెడితే జబ్బు తీవ్రత తెలియదు కదా అని. నేను మార్చమంటున్నది గడప పేరు. లోపలికి వచ్చాక డాక్టర్ జబ్బు పేరు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మందులు ఎన్నాళ్లు వాడాలో చెప్పాలి. మధ్యలో ఆపితే ఏమవుతుందో చెప్పాలి. తలుపు మీద మెత్తటి మాట, లోపల నిజం మాట, రెండూ కావాలి.

హాస్టళ్లలో ఉన్న మనకి ఇప్పుడు ఒక ఆధారం కూడా ఉంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులు ఉన్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్దగా కనిపించేలా రాయాలని చెప్పింది. మీ హాస్టల్ గోడ మీద ఆ నంబర్ ఉందా? లేకపోతే వార్డెన్ గారిని మర్యాదగా అడగండి. అప్పటికీ లేకపోతే మీరే రాసి అంటించండి.

నేను గ్రూపుని కోరేది ఇది. ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ అమ్మనో, అవ్వనో, ఊళ్లో పెద్దామెనో అడగండి. "మనసు బాగోలేనప్పుడు మన భాషలో ఏమంటారు? అట్టాంటప్పుడు మాట్లాడుకునే చోటుకి ఏ పేరైతే నువ్వు పోతావు?" అని. వాళ్లు చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు, మీ తండా పేరుతో ఇక్కడ రాయండి. ఎవరి పేరూ, ఎవరి జబ్బూ రాయొద్దు. మాటలు చాలు. అన్నీ కలిపి ఒక అర్జీ తయారుచేద్దాం. పేరుతో పాటు డాక్టర్ రోజు, మందులు, తలుపున్న గది కూడా అందులో అడుగుదాం. నరసరావుపేట కలెక్టరేట్లో ఒక సోమవారం ఇద్దాం. జిల్లా వైద్యాధికారికి ఒక కాపీ, శ్రీశైలం ఐటీడీఏకి ఒక కాపీ. గుర్తుపెట్టుకోండి, మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు. పెసా గ్రామసభ మనకి లేదు. మన దగ్గరికి వచ్చి అడిగే దారి లేనప్పుడు మనమే పోయి చెప్పాలి.

ఈలోపు ఎవరికైనా రాత్రిళ్లు మరీ బరువుగా ఉంటే, బతకడం ఎందుకు అనిపిస్తుంటే, పేరు మారేదాకా ఆగొద్దు. 14416కి ఫోన్ చేయండి. లేదా పక్క మంచం మీద ఉన్నోణ్ణి లేపండి. మీ ఫ్రెండ్ లేపితే విసుక్కోకుండా లేచి కూర్చోండి.